సోయా మొలక పలచబడితే మళ్లీ విత్తాలా, ఉన్నదాన్ని కాపాడుకోవాలా?

మృగశిరలో పడ్డ తొలి వానలకు తొందరపడి సోయా విత్తిన చేను ఆరుద్ర వచ్చేసరికి అక్కడక్కడ ఖాళీలతో కనిపిస్తే, ముథోల్, భైంసా, మద్నూరు, జుక్కల్, నారాయణఖేడ్ వైపు రైతులకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒక్కటే: గుంటక తోలి మళ్లీ విత్తాలా, లేక ఉన్న మొక్కలతోనే పంట తీసుకోవాలా? ఈ ప్రశ్నకు చాలామంది గట్టు మీద నిలబడి జవాబు చెప్పేస్తారు. కానీ గట్టు మీది చూపు ఇక్కడ నమ్మదగినది కాదు. సాళ్ల వెంబడి చూసినప్పుడు ఒత్తుగా కనిపించే చేనే సాళ్లకు అడ్డంగా చూసినప్పుడు బోసిగా కనిపిస్తుంది. పైగా మనిషి కన్ను మొలిచిన మొక్క కంటే మొలవని చోటునే ముందు పట్టుకుంటుంది. అందువల్ల నిర్ణయానికి మూడు సంగతులు తెలియాలి. ఎకరాకు బతికి ఉన్న మొక్కలెన్ని, అవి ఎంత సమానంగా పరుచుకుని ఉన్నాయి, ఈ రోజు విత్తితే ఆ పంట ఏ కార్తెలో గింజ పట్టాలి అన్నవి ఆ మూడు. మొదటి రెండూ చేలో కొలవాలి, మూడోది క్యాలెండరులో చూడాలి.

కొలవడానికి ముందు కొంత ఆగవలసి ఉంటుంది. నేలలో సరైన పదును ఉంటే జూన్ వేడికి సోయా విత్తనం అయిదు నుంచి ఏడు రోజుల్లో బయటకు వస్తుంది. లోతుగా పడినా, విత్తిన తర్వాత వాన వెనకబట్టినా మరికొన్ని రోజులు పడుతుంది. ఎనిమిదో రోజున ఖాళీగా ఉన్న చోట సాలును చిన్న కొడవలితో తవ్వి విత్తనాన్ని బయటకు తీసి చూడాలి. గింజ వేసినప్పటిలాగే గట్టిగా, పొడిగా ఉంటే దానికి తడి అందలేదని అర్థం, అది ఇంకా బతికే ఉంది, వాన పడితే మొలుస్తుంది. ఉబ్బి, వేలితో నొక్కితే మెత్తగా నలిగి వాసన కొడితే ఆ గింజ మీద ఆశ వదులుకోవచ్చు. మొలక వచ్చి మెడ కొక్కెంలా వంగి, లావుగా ఉబ్బి మట్టి పొర కింద ఆగిపోయి ఉంటే తప్పు విత్తనానిది కాదు, పెద్ద వాన తర్వాత ఎండ కాసి నేల పైపొర బిరుసెక్కడమే కారణం. అలాంటి చోట స్ప్రింక్లర్లు ఉన్నవారు ఒక పూట పలుచగా తడిపితే రెండు రోజుల్లో చేను రూపు మారవచ్చు. పొరను పగలగొట్టాలని దంతె తోలితే మాత్రం ఆ వంగిన మెడలే పుటుక్కున విరుగుతాయి. సోయా మొలక కందిలా పప్పుబద్దలను నేలలోనే వదిలిపెట్టదు, వాటిని మోసుకుంటూ పైకి వస్తుంది. మెడ విరిగితే ఆ మొక్కకు రెండో అవకాశం లేదు.

ఇక లెక్క సంగతి. సాళ్ల మధ్య 45 సెంటీమీటర్ల ఎడం ఉన్న ఎకరం చేలో సాళ్లన్నిటినీ ఒకదాని చివర ఒకటి పెట్టి చాపితే సుమారు 9,000 మీటర్ల పొడవు వస్తుంది. కాబట్టి ఒక తాడును సరిగ్గా మూడు మీటర్లకు కోసి, సాలు పక్కన పరిచి, ఆ పొడవులో ఉన్న బతికిన మొక్కలను లెక్కించి 3,000తో గుణిస్తే ఎకరాకు ఉన్న మొక్కల సంఖ్య తెలుస్తుంది. మూడు మీటర్లలో 60 మొక్కలుంటే అది 1,80,000, అంటే 45 సెంటీమీటర్ల సాళ్లలో మొక్కకూ మొక్కకూ అయిదు సెంటీమీటర్ల ఎడంతో ఉండవలసిన పూర్తి లెక్క. అదే పొడవులో 32 మొక్కలే ఉంటే 96,000. మీ గొర్రు పళ్ల ఎడం 30 సెంటీమీటర్లయితే ఎకరాకు సాళ్ల పొడవు దాదాపు 13,500 మీటర్లు కనుక గుణకం 4,500 అవుతుంది. గొర్రు ఎడాన్ని గుర్తు మీద చెప్పకుండా చేలో టేపుతో కొలవండి. ట్రాక్టర్ గొర్రు యజమాని చెప్పే ఎడానికీ, నేల మీద పడిన ఎడానికీ తేడా ఉండడం అరుదైన విషయం కాదు.

ఈ లెక్క కనీసం పది చోట్ల చేయాలి. తాడును మంచి చోటో, చెడ్డ చోటో చూసుకుని వేయకుండా, చేనుకు ఒక మూల నుంచి ఎదురు మూలకు నడుస్తూ ముందే అనుకున్నన్ని అడుగులకు ఒకసారి కాలి దగ్గరే వేయాలి. చేలో నల్లరేగడి కొంత, చెలక (తేలికపాటి ఎర్రనేల) కొంత ఉంటే, లేదా ఒక వైపు పల్లంగా ఉండి నీరు నిలిచి ఉంటే, ఆ భాగాలను విడివిడిగా లెక్కించాలి. మొత్తానికి ఒకే సగటు తీస్తే మూడెకరాల చేలో రెండెకరాలు నిండుగా, ఎకరం పూర్తిగా ఖాళీగా ఉన్నా, అంతటా కాస్త పలుచగా ఉన్నా ఒకే అంకె వస్తుంది. ఈ రెండు చేలకూ చేయవలసిన పని మాత్రం పూర్తిగా వేరు.

లెక్కించేటప్పుడు ఏ మొక్కను బతికినదిగా తీసుకోవాలన్నది అంత తేలిక విషయం కాదు. జింకలో, నెమళ్లో, పావురాలో కొరికిన మొలకల్లో రెండు పప్పుబద్దలూ మొక్కను అంటిపెట్టుకుని ఉండి, పైచిగురు మాత్రమే పోయి ఉంటే, ఆ బద్దల చంకల్లోని మొగ్గల నుంచి కొత్త కొమ్మలు వస్తాయి. దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. బద్దల కిందికే తెగిపోతే ఆ మొక్క పోయినట్టే. పచ్చగా నిలబడి ఉన్నా మొదలు దగ్గర తెల్లని బూజు, దానిలో ఆవగింజల్లాంటి గోధుమరంగు గుళికలు కనిపిస్తే అది మొదలుకుళ్లు సోకిన మొక్క, వారం తర్వాత ఉండదు. వాడుతున్న మొక్కల కాండాన్ని నిలువుగా చీల్చి చూసినప్పుడు లోపల ఎర్రటి సొరంగం ఉంటే కాండం ఈగ పని. ఇలాంటి మొక్కలు కనిపిస్తున్నంత కాలం చావు ఇంకా ఆగలేదు కనుక, నాలుగు రోజుల తర్వాత అవే చోట్ల మళ్లీ లెక్కించి, సంఖ్య నిలకడగా ఉందో, పడిపోతోందో చూసిన తర్వాతే నిర్ణయానికి రావాలి. అందుకు లెక్కించిన చోట్ల పుల్లలు పాతి ఉంచడం మంచిది.

అంకె చేతికి వచ్చింది. ఎంత ఉంటే చాలు? అయోవా, ఇండియానా, విస్కాన్సిన్ వంటి అమెరికా రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు కోత నాటికి ఎకరాకు లక్ష మొక్కలు సమానంగా ఉంటే మళ్లీ విత్తవలసిన పని సాధారణంగా ఉండదని చెబుతాయి. సోయాకు ఖాళీని నింపుకునే గుణం ఉండడం అందుకు కారణం. పక్క మొక్క లేనప్పుడు కొమ్మలు ఎక్కువ వేసి, కొమ్మకు కాయలు ఎక్కువ పట్టి, పోయిన మొక్క వాటాలో చాలా భాగాన్ని ఉన్న మొక్కే ఇస్తుంది. అందువల్ల సగం మొక్కలు పోయినంత మాత్రాన దిగుబడి సగానికి పడిపోదు. అయితే ఆ అంకెను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోవడంలో ఒక చిక్కుంది. అక్కడ పంటకాలం ఎక్కువ, నేలలు లోతైనవి. మన జేఎస్ 335 రకం 95 నుంచి 100 రోజుల్లో కోతకు వస్తుంది, జేఎస్ 95-60 వంటి స్వల్పకాలిక రకాలు ఇంకా ముందే వస్తాయి. కొమ్మ వేసి విస్తరించడానికి రోజులు తక్కువైన కొద్దీ ఖాళీని నింపుకునే శక్తీ తగ్గుతుంది. అందుకని నా లెక్కలో లోతైన నల్లరేగడిలో, వంద రోజుల రకానికి, సమానంగా పరుచుకున్న 1,00,000 మొక్కలుంటే చేను మీద చేయి వేయకూడదు. చెలకల్లోనూ, స్వల్పకాలిక రకాలలోనూ ఈ గీతను 1,20,000కు జరుపుకోవాలి. 60,000 కంటే తక్కువైతే మళ్లీ విత్తడం గురించి గట్టిగా ఆలోచించవచ్చు, అదీ అదును మిగిలి ఉంటేనే. ఈ రెండు గీతల మధ్య పడిన చేలే రైతుకు నిద్ర పట్టనివ్వవు, అక్కడ తీర్పు చెప్పేవి ఖాళీల తీరూ కార్తే.

ఖాళీల తీరు అంటే ఇది. సాలులో రెండు జానల ఖాళీ ఉన్నా, అటూ ఇటూ ఉన్న మొక్కలూ పక్క సాలు మొక్కలూ కలిసి పూత నాటికి ఆ చోటును మూసేస్తాయి. మీటరు దాటిన ఖాళీ, ముఖ్యంగా పక్కపక్క సాళ్లలో ఒకే చోట వచ్చిన ఖాళీ, మూసుకోదు. అక్కడ పడే ఎండ గడ్డికే పోతుంది. మూడు మీటర్ల తాడు పక్కన మొక్కలతో పాటు ఇలాంటి పెద్ద ఖాళీల పొడవును కూడా రాసుకుంటే, 80,000 మొక్కలున్న రెండు చేలలో ఏది ఉంచదగినదో తేలిపోతుంది.

కార్తె సంగతి ఇంకా కఠినమైనది. సోయా పగటి పొడవును బట్టి పూతకు వచ్చే పంట. ఆలస్యంగా విత్తితే మొక్క ఎదగడానికి దొరికే రోజులు తగ్గి, పొట్టిగా ఉండగానే పూత మొదలవుతుంది. జూన్ 20న విత్తిన జేఎస్ 335కి సెప్టెంబరు మొదటి భాగంలో కాయలో గింజ నిండే దశ వస్తుంది, అప్పటికి వానలు మిగిలి ఉంటాయి. అదే జూలై 20న విత్తితే ఆ దశ అక్టోబరులోకి జారుతుంది. నైరుతి రుతుపవనాలు తెలంగాణ నుంచి సాధారణంగా అక్టోబరులోనే వెళ్లిపోతాయి కనుక, లోతు తక్కువైన నేలల్లో గింజ నిండకుండానే కాయ ఎండుతుంది. ఆరుద్రలో, అంటే జూలై 5 లోపు, మళ్లీ విత్తవలసి వస్తే పెద్దగా వెనకాడనక్కర్లేదు. పునర్వసు మొదటి వారం వరకు నల్లరేగడిలో ఒప్పుకోవచ్చు. జూలై 15 దాటి పుష్యమి దగ్గర పడ్డాక సోయా మీద మళ్లీ సోయా విత్తడం నా దృష్టిలో విత్తనం ఖర్చును నేలలో పోయడమే. ఒక్క మాట మరిచిపోకూడదు: నిర్ణయం తీసుకున్న రోజు విత్తే రోజు కాదు. విత్తనం దొరకాలి, గొర్రు దొరకాలి, మళ్లీ పదును రావాలి. వారం పది రోజులు కలుపుకునే లెక్క చూడాలి.

డబ్బుల లెక్కను క్వింటాళ్లలోకి మార్చుకుంటే పోలిక తేలికవుతుంది. 2025-26కు సోయా మద్దతు ధర క్వింటాకు 5,328 రూపాయలు. విత్తనం, విత్తన శుద్ధి, దుక్కి, గొర్రు కూలి కలిపి మళ్లీ విత్తడానికి ఎకరాకు 5,500 రూపాయలవుతుందనుకుంటే అది ఒక క్వింటా పైచిలుకు పంట. ఊహకు ఒక చేను తీసుకుందాం: నిండు చేనుగా ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లు ఇచ్చేది. సమానంగా 95,000 మొక్కలుండి ఏడు క్వింటాళ్లు వస్తాయనుకుంటే, పునర్వసు తొలి రోజుల్లో మళ్లీ విత్తి అవే ఏడు తీసినా ఖర్చు పోను ఆరే మిగులుతాయి. దున్నితే నష్టమే. పెద్ద ఖాళీలతో 45,000 మొక్కలే ఉండి నాలుగు క్వింటాళ్లు మాత్రమే వచ్చేలా ఉంటే, అదే రోజుల్లో మళ్లీ విత్తడం వల్ల రెండు క్వింటాళ్లు కలిసివస్తాయి. ఆ చేనునే పుష్యమిలో విత్తితే నాలుగున్నర వచ్చి, ఖర్చు పోను మూడున్నరే చేతికందుతుంది. పాడైన చేనే అప్పుడు మేలు. రెండోసారి వేసిన విత్తనం తప్పక మొలుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు కాబట్టి, కలిసివచ్చేది ఎకరాకు ఒక క్వింటా కంటే తక్కువైతే నేను దున్నమని చెప్పను. మీ నేల, మీ ఖర్చు, మీ గత దిగుబడులు వేసి ఇదే లెక్క మళ్లీ చేసుకోండి.

చేను మొత్తం దున్నడం, మొత్తం వదిలేయడం అనే రెండు దారులే ఉన్నాయనుకోవడం వల్ల చాలా డబ్బు పోతుంది. పల్లపు మూల మాత్రమే పోతే ఆ మూలనే విత్తాలి. మొలిచిన వారం రోజుల్లోపే ఖాళీలు తెలిస్తే, ఉన్న సాళ్లను కదల్చకుండా పోగుంటలు పెట్టించవచ్చు, అంటే ఖాళీల్లో చేత్తో గింజలు నాటించవచ్చు. కూలి దొరకడమే అక్కడ కష్టం. పది పన్నెండు రోజులు దాటితే సోయాతో సోయా పోగుంటలు మంచిది కాదు. పాత మొక్కల నీడలో కొత్తవి సన్నబడతాయి, కోత వేళకు పాతవాటి కాయలు చిట్లుతుండగా కొత్తవి ఇంకా పచ్చిగా ఉంటాయి. ఆ సమయానికి పెద్ద ఖాళీల్లో కంది గింజలు వేసుకోవడం మా వైపు రైతులకు అలవాటైన తెలివైన పని. సోయా కోసిన తర్వాత కంది ఆ వెలుతురంతా తీసుకుంటుంది. అయితే యాసంగిలో అదే చేలో శనగ వేయాలనుకునే వారికి కంది అడ్డొస్తుంది. శనగ మీద మంచి రాబడి తీసే నల్లరేగడి రైతు సోయా పలచబడిందని కంది జల్లి, అక్టోబరులో చేను ఖాళీ కాక తల పట్టుకోవడం సరికాదు.

మళ్లీ విత్తాలనే తేలినా, మొదటి విత్తనం ఎందుకు పోయిందో తెలియకుండా రెండోది వేయకూడదు. సోయా గింజ పొట్టు పలుచనిది. బస్తాలను ఎత్తు నుంచి పడేసినా, ఒకదాని మీద ఒకటి ఎక్కువ వరుసలు పేర్చినా, వేసవి వేడిలో తేమతో నిల్వ చేసినా మొలకశక్తి పోతుంది. కొనగానే వంద గింజలను తడి గోనెపట్టాలో వరుసగా పేర్చి, చుట్టి, నీడలో తడి ఆరకుండా అయిదు రోజులు ఉంచి లెక్కిస్తే చాలు. 70 బలంగా మొలిస్తే ఎకరాకు 30 కిలోలు సరిపోతాయి, 60 మాత్రమే మొలిస్తే 35 కిలోలు వేయాలి. మరీ తక్కువ మొలిస్తే ఆ బస్తాను చేనుకు తీసుకెళ్లవద్దు. పరీక్షలో బాగా మొలిచిన విత్తనమే చేలో పోయి ఉంటే లోపం లోతులోనో, నీరు నిలవడంలోనో, పురుగులోనో ఉంటుంది. మూడు నాలుగు సెంటీమీటర్ల కంటే లోతుకు గింజ పోకుండా గొర్రును సరిచేయించాలి. నీరు నిలిచే చేలో ఈసారి ఎత్తు మడుల మీద విత్తి, మధ్యలో కాలువలు వదలాలి. రోకలిబండ పురుగులు, అడవిపందులు తిన్న చోట విత్తనం మార్చినా ఫలితం మారదు.

విత్తనంలోనే లోపముందని అనుమానమొస్తే చేనును దున్నే ముందు చేయవలసిన పని మరొకటుంది. మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి, చేను చూడమని అడగాలి. బిల్లు, బస్తా, దాని మీది ట్యాగు, మిగిలిన గుప్పెడు విత్తనం దాచాలి. అధికారి రావడం ఆలస్యమై అదును దాటిపోయేలా ఉంటే, తేదీ కనిపించేలా ఫొటోలు తీసుకుని, కొన్ని సాళ్లనైనా దున్నకుండా వదలాలి. ధ్రువీకరించిన సోయా విత్తనానికి కనీస మొలకశాతం 70 అన్నది నిబంధన. నాసిరకం విత్తనంతో నష్టపోయిన రైతు వినియోగదారుల ఫోరానికి (ఇప్పటి పేరు వినియోగదారుల కమిషన్) వెళ్లవచ్చని 2012లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ వ్యాజ్యం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులదే. చేనంతా దున్నేసిన తర్వాత మాత్రం చూపించడానికి ఏమీ మిగలదు.

రెండోసారి విత్తేటప్పుడు దుక్కిలో వేసిన ఎరువును మళ్లీ వేయనక్కర్లేదు, అది నేలలోనే ఉంది. మొదటిసారి కొట్టిన కలుపు మందు సోయాకు వాడేదే అయితే సోయా మళ్లీ విత్తడానికి ఇబ్బంది ఉండదు. వేరే పంటకు మారేవారు మాత్రం ఆ డబ్బా మీద రాసింది చదివిన తర్వాతే మారాలి. విత్తన శుద్ధిలో ముందు శిలీంద్రనాశిని, తర్వాత పురుగుమందు, నీడలో ఆరాక చివరగా రైజోబియం (వేరు బుడిపెల్లో నత్రజనిని పట్టే బ్యాక్టీరియా) పట్టించాలి, ఈ వరుస తప్పితే రైజోబియం చచ్చిపోతుంది. ఆలస్యపు విత్తుకు స్వల్పకాలిక రకం ఎంచుకుని, అవి కొమ్మలు తక్కువ వేస్తాయి కనుక సాళ్ల ఎడాన్ని 30 సెంటీమీటర్లకు తగ్గించాలి.

ఉంచాలని నిర్ణయించిన పలుచని చేనుకు శత్రువు కలుపు. నిండు చేలో ఆకులు సాళ్లను కమ్మేసి గడ్డిని అణచివేస్తాయి, పలుచని చేలో ఆ కమ్ముకోవడం ఆలస్యమవుతుంది. విత్తిన 15 నుంచి 20 రోజుల మధ్య, గడ్డి రెండు మూడు ఆకుల మీద ఉన్నప్పుడు, నేలలో తడి ఉండగా ఎకరాకు 400 మిల్లీలీటర్ల ఇమాజెతాపైర్ 10 శాతం ద్రావణం అనే కలుపు మందు పిచికారీ చేసి, తర్వాత పూతకు ముందు ఒకసారి దంతె తోలాలి. ఖాళీల్లో కంది వేసి ఉంటే దంతె తోలే మనిషికి ఆ సంగతి ముందే చెప్పి, కంది మొలకల దగ్గర పుల్లలు గుచ్చి ఉంచాలి.